పదకొండు ఇళ్ల జున్ను

పెయ్యదూడ పుడితే నీకేనని రాజ్యం ఒకసారి కాదు, మూడుసార్లు అంది. ఆ మాట పట్టుకునే ప్రేమమ్మ మిరపకోతలు కూడా మానుకుని, పేడ తీసి, కుడితి పెట్టి, వాళ్ల చూడిగేదెకు పది నెలలు చాకిరీ చేసింది. ఇంట్లో ఒక గేదె ఉంటే కూతురు స్తుతిని మిరప చేలోకి పంపక్కర్లేదని ఆమె ఆశ.

రెండువేల ఒకటి ఫిబ్రవరిలో ఒక పొద్దున గేదె ఈనింది. పెయ్యే.

ప్రేమమ్మ దాని గిట్టల చివర మెత్తటి పొర గిల్లి తీసేసింది. దూడ మొదట వెనక కాళ్లు లేపి, ముందరి మోకాళ్ల మీద కూలబడింది. నాలుగోసారికి లేచి, తాగినవాడిలా తూలుతూ తల్లి ముందుకాళ్ల సందున పాలకోసం వెతికింది.

"అక్కడ కాదే పిచ్చిదానా, ఇటు," అని ప్రేమమ్మ నవ్వుతూ దాని మూతి పొదుగుకి చేర్చింది. నాలుగు గుటకలు పడేసరికి తోకాడించి, పొదుగుని ఒక్క కుమ్ము కుమ్మింది. కాళ్ల వణుకు కాస్త తగ్గింది.

రాజ్యం తపేలాతో వచ్చింది. "గేదె పాలు చేపింది. ఇక దూడని లాగెయ్."

"ఒక్క చన్నన్నా వదలండమ్మగారూ. కాళ్లకి సత్తువ రావాలి గదా."

"జున్నుపాలు తాగితే పారుకుంటదే. నాకు తెలీదా?"

దూడకు అరగని ఆ పాలు బజారులో పదకొండు ఇళ్లకు మాత్రం భేషుగ్గా అరిగాయి. సత్తెనపల్లిలో ఆడపడుచుకు కూడా బస్సులో క్యాను వెళ్లింది. రాజ్యం చేయి పెద్దదని అందరూ మెచ్చుకున్నారు.

మర్నాడు దూడ గుంజ దాకా నడిచింది. మూడోనాడు లేచి పడింది. నాలుగోనాడు పొట్టకింద చేతులేసి నిలబెట్టినా కాళ్లు వేలాడాయి. సాయంత్రానికి పోయింది.

"నీ దూడే కదా, నువ్వే చూసుకోవాల్సింది," అంది రాజ్యం. ప్రేమమ్మకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

దూడ లేక గేదె చేపడం, పొదుగులోకి పాలు దింపడం మానేసింది. రాజ్యం తోళ్ల పని చేసే అంకయ్య చేత చచ్చిన దూడ తోలు తీయించింది. గడ్డి కూరి, కాళ్లలో వెదురు కర్రలు పెట్టి కుట్టే పని ప్రేమమ్మకే వచ్చింది. కుట్టి పొదుగు దగ్గర పెడితే దూడ తూలలేదు, పడలేదు. గేదె దాన్ని నాకి నాకి చేపింది.

"చూశావా, ఎంత చక్కగా నిలబడిందో," అంటూ రాజ్యం తపేలా అందుకుంది.

ప్రేమమ్మ వంగి దూడను భుజానికెత్తుకుంది.

"నా దూడేనన్నారు గదమ్మగారూ. తీసుకుపోతన్నా."

గేదె అరుస్తుంటే, జున్ను తిన్న ఆ పదకొండు ఇళ్ల ముందు నుంచే నడిచింది.