రాగం ఒకరికి, మాటలు ఇంకొకరికి

ఆదివారం ఉదయం ఓ పదిమంది పెద్దవాళ్లు ఒక గదిలో కూర్చుని "లా లా లా" అని పాడుకుంటుంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నవ్వండి, తప్పులేదు. కాని నవ్వడం అయిపోయాక వాళ్ల మొహాలు కూడా ఒకసారి చూడండి.

ఆ గది ఒక బట్టల దుకాణం పైఅంతస్తులో ఉంది. పాట రాయడం, దానికి బాణీ కట్టడం, దానితో సంగీత వ్యాపారంలో నిలదొక్కుకోవడం అక్కడ నేర్పుతారు. ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ వస్తుంది, వ్యాను డ్రైవరు వస్తాడు, రిటైరైన లెక్కల మాస్టారు వస్తాడు. ఎవరి కుర్చీ వాళ్లది, ఎవరి ఇయర్‌ఫోన్లు వాళ్లవి. ఆ క్లాసులో ఒక కట్టుబాటు ఉంది. బాణీ వినిపించేటప్పుడు మాటలు పలకకూడదు, లా లా లా అనాలి. మాటలు దిద్దించుకునేటప్పుడు బాణీ తగలకుండా కరెంటు బిల్లు చదివినట్టు చదవాలి. అదీ ఒకే మనిషి ముందు కాదు. రాగం ఒకరికి, మాటలు ఇంకొకరికి. రెండూ ఒకే చెవిన పడితే పాట దొంగల పాలైనట్టే! పాట హక్కు మన పేరున రిజిస్టరయ్యేదాకా అంతే. అందుకని ఏడాదిగా పక్కపక్కనే కూర్చుంటున్నవాళ్లలో ఒక్కరైనా ఇంకొకరి పాట పూర్తిగా విన్న పాపాన పోలేదు.

ఈ కట్టుబాటు పెట్టిన కోచ్ చెడ్డవాడేమీ కాదు. కుర్రతనంలో తాను కట్టిన పాటను ఇంకొకడి పేరుతో రేడియోలో విని కుమిలిపోయిన మనిషి. "నాకు జరిగింది మీకు జరగకూడదు. ఇంట్లోవాళ్లకి కూడా వినిపించకండి. వాళ్లు పక్కింటివాళ్లకి పాడతారు, పక్కింటివాళ్లు ఫోన్లో ఎక్కిస్తారు, ఇక మీ కొంప మునిగినట్టే" అని మొదటి రోజే అందరి చెవిలో వేశాడు.

ఆ మాటను తుచ తప్పకుండా పాటించినవాడు మన కళ్లజోళ్లాయన. కళ్లజోళ్ల దుకాణం వెనకగదిలో రోజంతా అద్దాలు అరగదీస్తాడు. నలభై దాటాయి, పెళ్లి చేసుకోలేదు. ఇంట్లో అక్క ఒక్కతే. అమ్మానాన్నలు పోయాక వీధిలో అందరి బట్టలూ ఇస్త్రీ చేసి తమ్ముణ్ణి పెంచింది ఆమే. ఆ అక్కకు చెవుల నరాలు దెబ్బతింటున్నాయి. "మిషను పెట్టినా మాట కొంత అందుతుందేమో గాని రాగం అందదు. ఎప్పటికి పూర్తిగా పోతుందో చెప్పలేను. వినాలనుకున్నవి ఇప్పుడే వినేయండి" అన్నాడు డాక్టరు.

ఆసుపత్రి మెట్లు దిగుతూ అక్క నవ్వేసింది.

"నాకేం పెద్ద కోరికలున్నాయిరా? చిన్నప్పుడు నా పక్కన కూర్చుని ఏవేవో కట్టి పాడేవాడివి. అలాంటిదొకటి పాడి వినిపించు, చాలు."

అందుకే చేరాడు ఆ క్లాసులో. అక్కకు ఏదో అల్లాటప్పా పాట కాదు, అసలైన పాట ఇవ్వాలనుకున్నాడు. పల్లవి నెలలోనే కుదిరింది. ఆ రోజే పాడేసి ఉంటే ఈ కథ రాయవలసిన పని ఉండేది కాదు. కాని రెండో చరణం పలచగా ఉందన్నాడు కోచ్. చరణం చిక్కబడేసరికి ఒప్పందాల పాఠాలు వచ్చాయి, వాటి వెనక రిజిస్ట్రేషను వచ్చింది. ఈలోగా సాధన ఎక్కడ చేయాలి? ఇల్లు చిన్నది, గోడలు పలచన. బీరువా తలుపు తీసి, వేలాడే చొక్కాల మధ్య మొహం దూర్చి పాడుకునేవాడు.

ఒకరోజు అక్క వెనకనుంచి వచ్చి చూసి బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"చొక్కాలకి వినిపిస్తావు గాని నాకు వినిపించవా?"

"ఇంకా కాలేదక్కా. అయ్యాక ముందు నీకే."

"కాకపోతే కాకపోయిందిలేరా. సగమే పాడు. నేనేమైనా మార్కులు వేస్తానా?"

"సగం పాడకూడదక్కా. మా సారు ఒప్పుకోరు."

మరునాటినుంచి అతను బీరువా దగ్గర ఉన్నంతసేపూ ఆమె వంటింట్లోనే ఉండిపోయేది. భోజనాల దగ్గర కూడా అతను మనసులో చరణాలు సరిచూసుకుంటూ తలవంచుకునే తినేవాడు. ఒకే ఇంట్లో ఉంటూ ఇద్దరూ ఒంటరివాళ్లయ్యారు. పాట ధ్యాసలో అతనికది తెలియలేదు. ఆమెకు తెలుసు, ప్రతి పూటా తెలుసు.

చివరికి రిజిస్ట్రేషను పూర్తయినట్టు కబురొచ్చింది. దుకాణంలో చెప్పి మధ్యాహ్నమే ఇంటికి పరుగెత్తాడు. అక్క కిటికీ దగ్గర కూర్చుని చొక్కాకు గుండీ కుడుతోంది. ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"అక్కా, అయిపోయింది! ఇదిగో, నీ పాట" అంటూ కళ్లు మూసుకున్నాడు. పల్లవి, రెండు చరణాలు, మళ్లీ పల్లవి. ఒక్క అపస్వరం లేదు. ఇంత బాగా ఎప్పుడూ పాడలేదనిపించింది. కళ్లు తెరిచాడు.

అక్క సూది పక్కన పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని, అతని మొహంలోకే ఆశగా చూస్తోంది.

"ఊఁ, కళ్లు మూసుకుని దేవుడికి దండం పెట్టుకోవడం అయిందా? ఇక మొదలుపెట్టరా" అంది.

అతను "అక్కా!" అని అరిచాడు. ఆమె అతని పెదాల వంక చూసింది, తర్వాత కళ్లలోని నీళ్లు చూసింది. అప్పుడర్థమైంది ఆమెకు.

"పాడేశావా?" అంది మెల్లగా. "పోయిన నెలలోనే పూర్తిగా పోయిందిరా. ఒకటీ అరా మాట నీ పెదాల మీద పోల్చుకుని నెట్టుకొస్తున్నాను. చెబితే నీ పాటల క్లాసు ఆపేస్తావని చెప్పలేదు. దగ్గరగా కూర్చుని పాడితే కొంచెమైనా అందుతుందేమో అనుకున్నాను. పిచ్చిదాన్ని."

తమ్ముడు ఆమె ఒళ్లో తలపెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు కూడా ఆమెకు వినపడలేదు.

తరువాతి ఆదివారం అతను క్లాసుకు వెళ్లాడు. వంతు రాగానే లేచి, లా లా లా అనకుండా, మాటలతో సహా ఎత్తుకున్నాడు.

"ఇస్త్రీపెట్టె బరువెంతో నీ చేతికి తెలుసునే అక్కా,
నువు కప్పిన దుప్పటి వెచ్చదనం నా పాదాలకి తెలుసునే."

అందరూ ఇయర్‌ఫోన్లు తీసేశారు. ఏడాదిగా పక్కన కూర్చున్న మనిషి పాట ఏమిటో అప్పుడు తెలిసింది వాళ్లకు. నర్సమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"రిజిస్టరైందిగా, ఫరవాలేదు" అన్నాడు కోచ్.

"అయింది సార్. దీన్నిక ఎవరూ ఎత్తుకుపోలేరు. కాని ఇది ఎవరికోసం కట్టానో ఆమెకి ఇక వినపడదు. ఆమె అడిగినప్పుడల్లా ఇంకా కాలేదన్నాను. మీరు నేర్పింది తప్పని అనను సార్. వ్యాపారానికి అది కావాలి. నేనే మా అక్కని కూడా దొంగల్లో కలిపేశాను."

లెక్కల మాస్టారు ఉన్నట్టుండి లేచి చెప్పులు వెతుక్కున్నాడు.

"మా ఆవిడ ఎన్నాళ్లనుంచో అడుగుతోందండీ" అన్నాడు.

కోచ్ బోర్డు మీద రాసిన పాఠం తుడిచేశాడు.

"ఇవాళ క్లాసు లేదు" అన్నాడు. "మీ పాట అడిగే మనిషి ఇంట్లో ఉంటే, సగమే అయినా సరే, వెళ్లి పాడండి. హక్కుల సంగతి వచ్చేవారం చూద్దాం. వినే మనిషి మాత్రం వచ్చేవారానికి ఉంటారని నేను హామీ ఇవ్వలేను."