తొడ మీద పసుపు కట్టు

జ్యోతిరాణికి ఒళ్లు మండిపోతోంది. మండదా మరి? బోధన్ దగ్గరి ఆ ఊరికి పదకొండేళ్లుగా ఎండనక వాననక టీకాల డబ్బా మోసుకొచ్చిన నర్సును, అంగన్‌వాడీలో నలుగురి ముందు నిలబెట్టి తప్పు ఒప్పుకొమ్మంటున్నారు.

ఆ ఊరి పసుపు రైతు రాజేందర్ మూడు నెలల కొడుక్కి తొడ మీద ఆమె టీకా వేసిన చోట చీము పట్టింది. నిన్ననే కోసి తీయించుకొచ్చారు.

"స్పిరిట్ ఎందుకు పెట్టలే?" అన్నాడు రాజేందర్. "నిజామాబాద్‌ల పైసలు తీసుకునే డాక్టర్లు పెడ్తరు. మేం ఫుకట్ల ఏయించుకున్నమనా?"

"తొడ సాఫ్‌గనే ఉండె. నీళ్ల దూదితోని తుడిసిన. గంతే సాలు, స్పిరిట్ పెడితేనే చీము పట్టదనేది ఉత్త మాటని మాకు ట్రైనింగ్‌ల చెప్పిండ్రు. ఆ దినం ఇంకో పదిమందికి గట్లనే ఏసిన. ఒక్కరికన్న అయ్యిందా? వాపొచ్చినంక మీరేం పెట్టిండ్రు?"

రాజేందర్ తల్లి అంజవ్వ గర్వంగా ముందుకొచ్చింది. "మన చేన్ల పసుపే బిడ్డా. పచ్చికొమ్ము నూరి, గుడ్డతోని బిగిచ్చి కట్టినం. మూడొద్దులు ఇప్పలే."

"గందుకే అవ్వా, కట్టు కింద తోలంత ఒరుసుకపోయింది. చీము గట్లనే పట్టింది."

రాజేందర్ మొహం మాడ్చుకున్నాడు. "పసుపుతోని చీము పడ్తదా? నాలుగెకరాలు పండిస్తున్న, నాకు తెల్వదా?"

విచారణకొచ్చిన ఆమె పై అధికారి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్ భానుప్రసాద్ ఆమెను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "పసుపు రైతుల ఊర్ల పసుపును తప్పు పడ్తవా అమ్మా? స్పిరిట్ మరిచిపోయిన అని రాసియ్యి. లేకుంటే నీ కాంట్రాక్టు నౌకరి ఉండదు."

ఆయన చదువుకున్నవాడు, అన్నీ తెలిసినవాడు. తెలిసి కూడా ఈ మాట అంటున్నాడు.

"నేను గట్ల రాస్తే, రేపు ఇంకో తల్లి స్పిరిట్ వాసన చూసి, ఇంకేం కాదని ధీమాగ పసుపు కడ్తది సార్. గప్పుడు ఎవరితోని రాయిస్తరు?"

కాగితం తీసుకుని జరిగింది జరిగినట్టే రాసింది. నీళ్లతో తుడిచి టీకా వేశాను, వాపు మీద పసుపు నూరి మూడు రోజులు కట్టారు అని పైకి చదువుతూ రాసి, సంతకం పెట్టింది. డాక్టర్ దాన్ని ముట్టుకోలేదు.

"దీనికి సాక్ష్యం ఎవరు?" అన్నాడు.

బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న రాజేందర్ భార్య శిరీష లేచి నిలబడింది.

"కూసో," అన్నాడు రాజేందర్.

ఆమె కూర్చోలేదు. "అత్తమ్మ నూరింది. నేను కట్టిన. పోరడు రెండొద్దులు గుక్కపట్టి ఏడుస్తుంటే, ఇప్పుదమంటే నువ్వే వద్దంటివి."

బిడ్డను భుజాన వేసుకుని, జ్యోతిరాణి చేతిలోని పెన్ను అందుకుని, ఆమె సంతకం కింద తన పేరు రాసింది.