మూడు నిమ్మకాయల గాలిమర

నేను ఒక గాలిమరను. పుట్టుకతో కాదు లెండి, పుట్టినప్పుడు సీలింగ్ ఫ్యాన్‌ని. కరెంటు తిని గాలి ఇవ్వడం నా కులవృత్తి. ఇప్పుడు గాలి తిని కరెంటు ఇస్తున్నాను. ఓడలు బళ్లవుతాయని ఊరికే అనలేదు పెద్దలు.

ఫ్యాక్టరీలో నాకు తెల్లరంగు వేసి ఒక సర్కారు ఆఫీసుకు పంపారు. అక్కడ చాలా ఏళ్లు తిరిగాను. రెగ్యులేటరు మీద అయిదు అంకెలుండేవి గానీ, ఏ అంకె మీద పెట్టినా నేను తిరిగేది ఒకటే తీరు, అచ్చం ఆఫీసు పని లాగే. కాగితాలు ఎగిరిపోకుండా పేపర్‌వెయిట్లు పెట్టేవారు. ఆ తర్వాత ఆ కాగితాలు ఎక్కడికీ కదిలేవి కావు. నాకు బాధ కలిగించింది మాత్రం వేరే సంగతి. నేను తిరిగినన్నాళ్లూ ఒక్కరూ తలెత్తి నావైపు చూడలేదు. ఆగిన రోజున అందరి మెడలూ పైకి లేచేవి, తిట్టడానికి. చివరికి ఒక వేసవిలో నా వైండింగ్ కాలిపోయి, పాత సామాన్ల కొట్టులో పడ్డాను.

అక్కడినుంచి నన్ను మారెప్ప తెచ్చుకున్నాడు. అనంతపురం వైపు ఒక గుట్ట కింద, ఊరికి దూరంగా, మల్బరీ తోటలో అతని ఇల్లు. గుట్ట మీద పెద్ద పెద్ద గాలిమరలు తిరుగుతూ ఎక్కడో నగరానికి కరెంటు పంపుతుంటాయి. ఇతని ఇంట్లో మాత్రం కిరసనాయిలు బుడ్డి. దీపం కిందే చీకటి మరి.

అతని భార్య గంగరత్న పట్టుపురుగులు పెంచేది. వాటికి కిరసనాయిలు వాసన పడదు. కిందటి పంట ఆ వాసనకే పోయింది. పురుగులు ఆకు ముట్టకుండా చచ్చిపోయాయట.

"ఈ పంట గూడా పోతే తోట పీకేసి బెంగళూరుకు కూలికి పోదాం. ఇంగ నాచేత గాదు," అని ఆమె తేల్చి చెప్పింది. అందుకే నా అవసరం పడింది.

మారెప్ప నా కాలిన తీగ తీసి కొత్తది చుట్టాడు. లోపల అయస్కాంతాలు అతికించాడు. బోరు పైపు చీల్చి రెక్కలు చెక్కాడు. గాలి ఎటు వస్తే అటు తిరగడానికి నూనె డబ్బా రేకుతో తోక పెట్టాడు. ఈ వయసులో తోకేమిటని మొదట సిగ్గుపడ్డాను. వంచి దించుకునే ఇనుప గొట్టం చివర నన్ను నిలబెట్టి, కింద ట్రాక్టరు పాత బ్యాటరీకి కలిపాడు. ఆ సాయంత్రం పురుగుల కొట్టంలో చిన్న బల్బు వెలిగింది. గంగరత్న నవ్విన నవ్వు పైదాకా వినిపించింది. గర్వపడ్డాను, దాచుకోవడం ఎందుకు?

చుట్టుపక్కల జనం వచ్చి చూసి "అబ్బా!" అన్నారు. అదే నా కొంప ముంచింది.

పురుగులు ఆఖరిసారి పొర వదిలి లేచాయి. దాన్ని అక్కడ నాలుగో జ్వరం అంటారు. అది తగ్గాక గూడు కట్టేదాకా వాటికి ఆకలే ఆకలి, చీకటి పడ్డాక కూడా మేత వేయాలి. సరిగ్గా ఆ రోజే, ఆషాఢపు గాలిలో, నేను గడగడ వణకడం మొదలుపెట్టాను. గొట్టం ఊగింది. విరిగి కొట్టం మీదే పడతానేమోనని హడలిపోయాను. మారెప్ప పరుగున వచ్చి నన్ను దించి తాడుతో కట్టేశాడు. బ్యాటరీ అడుగంటింది. పొద్దు వాలుతోంది. ఇంట్లో మిగిలింది ఆ బుడ్డి ఒక్కటే.

చూస్తే, నా ఒక రెక్కకు నల్లదారంతో నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి. పొద్దున గ్రీజు పెట్టడానికి నన్ను దించినప్పుడు గంగరత్న కట్టినవి.

"ఏందే ఇది?"

"దిష్టికి. ఊరంతా నోరు తెరుచుకోని చూసి పాయె గదా."

"ఒక్క రెక్కకే బరువు కడితే కుంటిది గాదా? తీసేస్తా."

"తీసేస్తే నేను కొట్టంలోకి అడుగు పెట్టను. పోయినసారి కొట్టానికి కట్టలేదు, పంట పోయింది."

"అది పోయింది బుడ్డి వాసనకు!"

"బుడ్డి ఎన్నేండ్లుగానో ఉండాది. ఆ పంటకే ఎందుకు వాసన గొట్టాల? చెప్పు చూద్దాం."

దీనికి మా ఆఫీసులో ఏ అధికారీ జవాబు చెప్పలేడు. మారెప్ప ఇంట్లోంచి తక్కెడ తెచ్చాడు. మరో రెండు నిమ్మకాయలు ఏరి తూచాడు. ఒకటి తేలికైతే దానికి ఇంకో మిరపకాయ గుచ్చాడు. మూడు రెక్కలకూ మూడు దండలు, ఇరుసుకు దగ్గరగా బిగించి కట్టాడు.

"ఇప్పుడు దిష్టి మూడింతలు పోతాది," అన్నాడు.

"అట్ల చెప్పు," అంది ఆమె, మూతి ముడుచుకునే.

గొట్టం నిలబెట్టి తాడు విప్పారు. తిరిగాను. వణుకు లేదు. పొద్దు గూకేసరికి కొట్టం కిటికీలో వెలుతురు పడింది. గంగరత్న ఆకు గంప ఎత్తుకుని లోపలికి పోయింది. దిష్టి పోయిందో లేదో నాకు తెలియదు. బరువు మాత్రం సరిపోయింది.

పురుగులు గూళ్లు కట్టాయి. అవి అల్లుకునే వెదురు తట్టను చంద్రిక అంటారు. గంగరత్న ఒక చంద్రికను ఎండలోకి తెచ్చి, నా గొట్టం పక్కన రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. సందు లేకుండా పసుపుపచ్చటి గూళ్లు.

"చూడప్పా, నీ కష్టం గూడా ఇందులో ఉండాది," అంది.

మొగుడితో అంటోందనుకున్నాను. అతను తోటలో ఉన్నాడు. ఆమె తలెత్తి నన్నే చూస్తోంది. నేను ఆగలేదు, తిరుగుతూనే ఉన్నాను.