నాలుగు వేళ్ల మడత

మా అక్క దేవుణ్ణి ఒక్క మాట అనదు. నాకు ఒళ్లు మండేది అందుకే.

నేనంటాను. నాకేం మొహమాటం? బావ పోయినప్పుడే అన్నాను. ఆ మనిషి ఎలా పోయాడనుకున్నారు? తాగి కాదు, తిరిగి కాదు. చర్చి గోడకి రంగు వేస్తూ, అదీ పైసా కూలి తీసుకోకుండా వేస్తూ, నిచ్చెన మీంచి పడి పోయాడు. "నీ ఇంటి గోడకే కదయ్యా రంగు వేస్తున్నాడు, ఆ నిచ్చెన కాస్త పట్టుకుంటే నీ సొమ్మేం పోయింది?" అని అందరి ముందూ పైకి చూసి అరిచాను. అక్క వచ్చి నా నోరు మూసింది. అప్పటికి తనకి ఆరో నెల. కడుపులో ఉన్నది పిచ్చిక.

మాది కుట్టు కొట్టు. ముందు గదిలో కొట్టు, వెనక గదిలో కాపురం. కత్తిరించేదీ మిషను తొక్కేదీ నేను. కాజాలు, బొత్తాలు, అంచులు అక్క చేతిపని. మాకొచ్చేవన్నీ దాదాపు పిల్లల బట్టలే. వాటికి మా దగ్గర ఒక పద్ధతుంది. కింద అంచుని నాలుగు వేళ్ల వెడల్పున లోపలికి మడిచేస్తాం. పిల్ల పొడుగయ్యే కొద్దీ విప్పి, ఓ వేలో రెండు వేళ్లో కిందికి దించుకుంటారు. తల్లులు అడగక్కర్లేదు, నా చేతులు వాటంతటవే ఆ గుడ్డ వదిలేస్తాయి. మడత కుట్టేది అక్క. పైకి ఒక్క కుట్టు కనబడదు, విప్పాలంటే మాత్రం ఒక్క దారం లాగితే చాలు.

పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ అక్క కత్తిరింపు బల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసుకుంటుంది. సరిగ్గా అప్పుడే నేను మిషను తొక్కుతాను. కావాలనే. "ఈ చప్పుడులో ఆయనకి నీ మాట వినబడదేమోనే" అంటే, "నీ మిషను కూడా వినబడుతుందిలే ఆయనకి" అని నవ్వేది. ఇంకేం పోట్లాడతాం అలాంటి మనిషితో?

పిచ్చిక అని పేరు పెట్టింది నేనే. తిండి గింజంత, అరుపు ఊరంత. బడి నుంచి రాగానే నా బల్ల ఎక్కి కూర్చుని, ఆ రోజు ఎవరు ఎవరిని గిల్లారో మొదలుకొని చెప్పుకొచ్చేది. ఎనిమిదో ఏడు నిండిన కొన్నాళ్లకి దానికి రక్తంలో జబ్బని తేలింది. ఏడాది పాటు ఆసుపత్రికీ ఇంటికీ తిరిగాం. చర్చిలో వంతులేసుకుని ఉపవాసాలున్నారు. అక్క అయితే ఎవరి వంతు వచ్చినా తన వంతే అన్నట్టు పస్తులుంది. మధ్యలో ఒకసారి డాక్టరు, "ఇక భయం లేదమ్మా" అన్నాడు. నేను కూడా నమ్మాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ రోజు పైకి చూసి థాంక్స్ కూడా చెప్పాను.

జబ్బు నుంచి లేచినవాళ్లు కొత్త తెల్లబట్టలు కట్టుకుని ఆదివారం చర్చిలో ముందు నిలబడి కృతజ్ఞత చెప్పడం మా సంఘంలో ఆనవాయితీ. అక్క ఆ సాయంత్రమే తెల్లగుడ్డ తెచ్చి అలమరలో పెట్టింది. పిచ్చిక మంచం మీంచే నన్ను పీక్కుతినడం మొదలుపెట్టింది.

"పిన్నీ, నా గౌను ఎప్పుడు కుడతావ్?"

"ముందు నువ్వు నడుచుకుంటూ నా మిషను దగ్గరికి రా. నిటారుగా నిలబడు. అప్పుడు కుడతా. పడుకున్నవాళ్లకి నేను కొలతలు తీయను, ఫో."

అది పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. వారం తిరక్కుండా జబ్బు తిరగబెట్టింది. మరో నెల రోజులు నలిగి నలిగి, మొన్న శుక్రవారం తెల్లవారాక, వాళ్లమ్మ చెయ్యి పట్టుకునే వెళ్లిపోయింది.

భూస్థాపన సాయంత్రం నాలుగింటికన్నారు పాస్టరుగారు. అక్క లేచి అలమరలోంచి ఆ తెల్లగుడ్డ తీసి నా బల్ల మీద పెట్టింది. "కుట్టవే" అంది. అంతే. ఏడుపు లేదు, ఏమీ లేదు. నాకు భయమేసింది.

ఈలోగా టీచరమ్మ వచ్చింది. ఎప్పుడో రిటైరైంది గానీ బెత్తం ఇంకా చేతిలో ఉన్నట్టే మాట్లాడుతుంది. చర్చిలో ఆడవాళ్ల కూడికకి ఆవిడే పెద్ద. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చూడమ్మా, దేవుడు అన్యాయం చేసేవాడు కాదు. అప్పుడు మొగుడు, ఇప్పుడు బిడ్డ. ఇంట్లో ఎక్కడో ఒప్పుకోని పాపం ఏదో ఉండి ఉంటుంది. కాస్త ఆలోచించుకో."

అక్క తల దించుకుంది. నిజంగానే ఆలోచిస్తోంది! ఆ పిచ్చిది తనేం పాపం చేసిందా అని వెతుక్కుంటోంది!

"పాపం కావాలా టీచరమ్మగారూ? ఇదిగో, నేనున్నాను. ప్రార్థన వేళకి కావాలని మిషను తొక్కేది నేను. ఆయన్ని నానా మాటలూ అనేది నేను. కొడితే నన్ను కొట్టాలి గానీ, నా పక్కనున్న పసిదాన్ని కొట్టాడా? మీ దేవుడికి గురి చూడ్డం కూడా రాదా?"

కత్తెర నా చేతిలోనే ఉంది. ఆవిడ కుర్చీ వెనక్కి జరుపుకుంది. గుమ్మం దగ్గర కూర్చున్న పాస్టరుగారు లేచి, "ఇక చాలండి టీచరమ్మగారూ, వెళ్లిరండి" అన్నారు. ఆయన మా కంటే చిన్నవాడు, పెళ్లయి ఏడాదైనా కాలేదు.

"మీరు చెప్పండి పాస్టరుగారూ, ఎందుకు?" అంది అక్క. పొద్దున్నుంచీ తను ఎవరినైనా అడిగిన మాట అదొక్కటే.

ఆయన చేతిలో తెరిచిన బైబిలు ఉంది. అటూ ఇటూ రెండు పేజీలు తిప్పారు. మూసేశారు.

"నాకు తెలీదమ్మా. తెలుసంటే అబద్ధమవుతుంది" అన్నారు. గుమ్మంలోనే నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఇన్నేళ్లలో ఆయన మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే.

అందరూ బయటికి వెళ్లాక నేను టేపు పట్టుకుని వెనక గది గుమ్మం దాకా వెళ్లాను. అడుగు లోపలికి పడలేదు. పడుకున్నవాళ్లకి కొలతలు తీయనన్న నోరే ఇది. అక్క నా మొహం చూసి, దెప్పినట్టు కాదు, మెల్లగా, "టేపు ఇటివ్వు. నేను చెబుతా, నువ్వు రాసుకో" అంది.

"ఛాతీ ఇరవై రెండు. భుజం తొమ్మిదిన్నర. పొడవు ముప్పై ఒకటి."

"ముప్పై ఒకటా? సరిగ్గా చూడవే. బడి తెరిచినప్పుడు ఇరవై ఎనిమిదేగా?"

అక్క మళ్లీ టేపు పెట్టి చూసింది. "ముప్పై ఒకటే. మంచంలోనే ఎదిగిందే నా తల్లి" అంది. పిల్ల పాదాల మీద పడి ఏడ్చింది చూడండి, అలాంటి ఏడుపు బావ పోయినప్పుడు కూడా వినలేదు నేను.

నేను పక్కన కూలబడ్డాను. "తిట్టవే అక్కా. ఒక్కసారి, నా కోసం, ఆయన్ని తిట్టవే" అన్నాను. నిజం చెప్పొద్దూ, తను కూడా ఆయన్ని వదిలేస్తే నాకు తోడొస్తుందని ఆశ. మళ్లీ అంతలోనే భయం, నిజంగా వదిలేస్తే ఈ మనిషి ఇక దేన్ని పట్టుకుని బతుకుతుందని.

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది.

"తిట్టడం లేదనుకున్నావా? ఏడాదిగా అదే పని. నువ్వు పైకి అరుస్తావు, నేను మోకాళ్ల మీద కూర్చుని అంటాను. నీ మిషను చప్పుడులో నీకు వినబళ్లేదు, అంతే."

కింద పడిన టేపు తీసి చుట్టసాగాను.

"అలిగానే ఆయన మీద. బాగా అలిగాను. అయితే మాత్రం? అలిగితే అన్నం మానేస్తాం గానీ, ఇల్లు మానేసి ఎక్కడికి పోతాం?"

లేచి గుడ్డ మీద గీతలు గీసి కత్తిరించాను. వెళ్లి మిషను ముందు కూర్చున్నాను. కళ్లనిండా నీళ్లు, గీతలు అలుక్కుపోయినట్టున్నాయి. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. గుండ్రటి మెడ, బుట్ట చేతులు, నడుం దగ్గర కుచ్చిళ్లు. దానికి ఇష్టమని వెనక పెద్ద బో కూడా. మూడింటికి గౌను అక్క ఒళ్లో పెట్టాను. బొత్తాలు కుట్టింది. అంచు కుట్టడానికి గౌను తిరగేసింది. తిరగేసి, అలాగే ఉండిపోయింది.

నేనూ చూశాను. లోపల, ఇస్త్రీతో నొక్కిపెట్టిన మడత. నిండా నాలుగు వేళ్లు.

ఎదిగే పిల్లలకి పెట్టే మడత, నా దిక్కుమాలిన చేతులు ఈ గౌనుకి కూడా పెట్టేశాయి!

"అయ్యయ్యో, అక్కా, చూసుకోలేదే! ఇలా ఇవ్వు, ఒక్క నిమిషంలో కత్తిరించేస్తాను." కత్తెర తీశాను.

అక్క తన అరచెయ్యి ఆ మడత మీద పెట్టింది. "వద్దు" అంది.

"అక్కా, ఇక దానికి..."

"తీయొద్దన్నానా?"

ఆ గౌను ఒళ్లో పెట్టుకునే, మోకాళ్ల మీద కూర్చోకుండానే, కళ్లు మూసుకుంది. టైము ఆరు కాదు. నా కాలు మిషను మీదే ఉంది, తొక్కలేదు. మొట్టమొదటిసారి మా అక్క ప్రార్థన నాకు వినబడింది.

"ప్రభువా, నువ్వెందుకిలా చేశావో నాకు తెలీదు. నాకు కోపంగానే ఉంది. ఆ కోపం నీకు గాక ఎవరికి చెప్పుకోను? తొమ్మిదేళ్లే ఇచ్చావు నాకు. మిగతాది నువ్వే పెంచు. నీ దగ్గర పిల్లలు ఎదుగుతారో లేదో నాకెవరూ చెప్పలేదు. ఒకవేళ ఎదిగితే గౌను పొట్టిదవుతుంది. మా చెల్లి నాలుగు వేళ్లు ఉంచింది. ఒక్క దారం లాగితే చాలు, వచ్చేస్తుంది."

ఆమెన్ అనడం నావల్ల కాలేదు. అనలేదు. అబద్ధమెందుకు?

అక్క సూది తీసింది. దారం ఎక్కించబోయింది. రెండుసార్లు, మూడుసార్లు తప్పింది. ఎంత చీకట్లోనైనా ఒక్కసారికే ఎక్కించే మనిషి. నేను లేచి సూది తీసుకుని, దారం ఎక్కించి, చివర ముడి బిగించబోయాను.

"గట్టిగా వేయకే" అంది అక్క. "విప్పేటప్పుడు కష్టమవుతుంది."

వదులుగానే వేశాను.