చెక్క అలుగు

తొకుజి నోట్లో కాగితం మడత పెట్టుకుని ఏడో కత్తిని ఒరలోంచి దూశాడు. నెలకోసారి కొట్లో ఉన్న కత్తులన్నింటికీ పాత నూనె తీసి కొత్త నూనె పట్టించడం అతని పని. ముందు మెత్తటి కాగితంతో తుడవాలి. తర్వాత సానరాయి పొడి కట్టిన పట్టుమూటతో కత్తి అలుగు పొడవునా తడుతూ పోవాలి. మళ్లీ తుడిచి, ఆపైన లవంగనూనె పలచగా రాయాలి. ఇదంతా చేస్తున్నప్పుడు నోటి ఆవిరి ఉక్కుకు తగలకూడదు. తగిలిందా, మూడోనాటికల్లా మచ్చ లేస్తుంది. అందుకని పెదవుల మధ్య కాగితం. నలభై ఆరేళ్లుగా కరిచి కరిచి అతని పెదవులు మామూలప్పుడు కూడా ఏదో పట్టుకున్నట్టే బిగుసుకుని ఉంటాయి.

పొట్టి మనిషి. గుండు మీద వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. కుడిభుజం ఎడమదానికన్నా కాస్త దిగి ఉంటుంది. చేతులు ఎంత కడిగినా లవంగాల వాసన పోదు. వీధి చివరి స్నానశాలలో అతన్ని లవంగం తాత అంటారు తప్ప అసలు పేరు ఎవరికీ తెలియదు. పెళ్లి చేసుకోలేదు. కొట్టు వెనక మేడమీద గది, కిటికీలో ఒక ముల్లంగి ఊరగాయ జాడీ, అంతే సంసారం.

కనజవాలో అన్నండబ్బా మరిచినా గొడుగు మరవకూడదంటారు. నవంబరు ఆఖరు. పొద్దున్నుంచి సముద్రం మీద ఉరుముతూనే ఉంది. ఈ ఉరుములు ఉరిమితేనే పెద్ద చేపలు ఒడ్డుకొస్తాయని జాలరులకు సంబరం. కత్తుల కొట్టుకు మాత్రం అది తడి కాలం, తుప్పు కాలం.

"బాబాయ్, ఆ బోడిదానికి కూడా పూస్తున్నావా?" యజమాని షిగెహరు గొడుగు వెతుక్కుంటూ నవ్వాడు. "దాన్ని కొనే మొనగాడు ఇంకా పుట్టలేదు. నూనె దండగ."

షిగెహరుకు యాభై దాటినా తొకుజికి చిన్నయ్యగారే. ఆరేళ్లవాడప్పుడు ఈ కొట్లోనే గుర్రమాడిన పిల్లాడు. తొకుజి జవాబుగా తలూపి, పెట్టె అడుగున ఉండే ఆ ఏడో కత్తికి ఎప్పటిలాగే రెండుసార్లు నూనె రాశాడు.

బోడిదని ఎందుకన్నారంటే, దాని తోక మీద తుప్పు లేదు. పాత కత్తికి పిడిలో దాగే తోకే ప్రాణం. అలుగును ఎన్నిసార్లు సాన పట్టినా తప్పు లేదు గానీ, తోకకు పట్టిన తుప్పును గోటితో కూడా గీరకూడదు. మూడొందల ఏళ్లదా, అయిదొందల ఏళ్లదా అన్నది ఆ నల్లటి తుప్పే చెబుతుంది. కమ్మరి చెక్కిన పేరు నిజమో కాదో కూడా అదే చెబుతుంది. తుప్పు పోతే ఎంత గొప్పవాడి చేతి కత్తైనా వంటింటి కత్తితో సమానం.

తలుపు గంట మోగింది. తడిసిన కోటుతో ఒకామె లోపలికొచ్చింది. యాభైమూడేళ్లుంటాయి. ఒళ్లో పిల్లను పట్టుకున్నట్టు ఒక బట్టమూట పట్టుకుంది.

"నా పేరు నత్సుయె అండీ. నానావో నుంచి వస్తున్నాను. దీనికి మీరేదైనా చేయగలరేమోనని."

మూట విప్పింది. లోపల కత్తి లేదు, కత్తి తొడుగులు మాత్రమే. పగుళ్లిచ్చిన నల్లలక్క ఒర. నీలం పట్టు దారం వదులైన పిడి. పిడికీ అలుగుకూ మధ్య వేసే ఇనప అడ్డుబిళ్ల, దాని మీద అలల పైన మూడు సముద్రపు పిట్టలు. తొకుజి ఆ పిట్టలను చూశాడు. అతని చేతిలో నూనెగుడ్డ ఆగిపోయింది.

"అమ్మ పోయిందండీ. రేపు నలభై తొమ్మిదో రోజు పూజ. ఇది తన ఫొటో ఎదురుగా పెడదామనుకున్నాను. లోపల ఏమీ లేక ఊగిపోతోంది, చూడండి, పట్టుకుంటే పిడి ఓ పక్క, బిళ్ల ఓ పక్క."

"లోపల చెక్క అలుగు వేస్తే అన్నీ బిగుసుకుంటాయమ్మా," అన్నాడు షిగెహరు. "మా బాబాయ్ చేతిలో పని. ఈ ఊళ్లో చెక్క అలుగంటే ఈయనే. మరి అసలు కత్తేదీ?"

"అమ్మేశాం. ఇక్కడే, ఈ కొట్లోనే. నాకప్పుడు ఏడేళ్లు. అమ్మ చెయ్యి పట్టుకుని వచ్చాను." ఆమె చుట్టూ చూసి, తొకుజి దగ్గర ఆగి, నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. "అయ్యో! మేకలాగా కాగితం నములుతూ ఒక అన్నయ్య ఉండేవాడు, నేను నవ్వితే అమ్మ తొడపాశం పెట్టింది. మీరే కదూ?"

తొకుజి తలూపాడు.

"చూశారా, మరిచిపోలేదు నేను! ఆ కత్తి ఇప్పుడెక్కడుందో ఏమో."

"నాన్నగారి కాలం నాటి మాట. ఏ దేశం పోయిందో," అన్నాడు షిగెహరు. అతనికి నిజంగానే తెలియదు. కత్తి మాత్రం ఆమె మోకాలికి బారెడు దూరంలో, తొకుజి ఒళ్లో ఉంది.

"పోతే పోయింది. అమ్మకు దాని దిగులు మాత్రం పోలేదు." నత్సుయె నవ్వుతూనే చెప్పింది, ఇంట్లో వందసార్లు చెప్పుకున్న మాట చెప్పినట్టు. "బయల్దేరే ముందు రాత్రి దుమ్ముందని తోకను పొడిగుడ్డతో తుడిచిందట. దాంతో విలువంతా పోయిందట. నా చేతులు పడిపోను అనేది. మా ఇంట్లో దేనికీ తుప్పు వదిలించనిచ్చేది కాదండీ! బాణలి తోమితే వీపు మీద ఒక్కటిచ్చేది. చేపలు కోసే కత్తి ఎర్రగా మట్టిముద్దలా ఉండేది. ఆఖరికి ఆస్పత్రిలో నర్సు చెంచా తుడుస్తుంటే కూడా, వద్దు తల్లీ, తుడవకు, అంది. అవే దాదాపు ఆఖరి మాటలు."

"ఇళ్లల్లో ఆడవాళ్లు చేసే పొరపాటేలెండి అది," అన్నాడు షిగెహరు ఓదార్పుగా. "తెలియక చేస్తారు."

తొకుజి నోట్లో కాగితం తడిసి ముద్దయింది. తీసెయ్యడానికి ఒక్క క్షణం చాలు. తియ్యలేదు.

నాలుగింటికి వస్తాననీ, అయిదింటికి బస్సనీ చెప్పి, పూజకు పళ్లు కొనడానికి ఆమె బజారుకు వెళ్లింది. షిగెహరు వ్యాపారుల కూటానికి వెళ్లాడు. కొట్లో తొకుజి, కత్తులు, గోడ గడియారం మిగిలాయి. ఎడమచెయ్యి భుజం నుంచి లాగుతోంది. చలికి అనుకున్నాడు.

తుడిచిందట. పొడిగుడ్డతో తుడిస్తే తుప్పు పోతుందా? గుడ్డకు దుమ్ము అంటుతుంది, అంతే. అసలు జరిగింది తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే. ఒకడు ఇరవయ్యేళ్ల కిందటే పోయాడు.

యుద్ధం ముగిసిన ఆరో ఏడది. తొకుజికి పందొమ్మిది. పల్లె నుంచి వచ్చి రెండు నెలలు. అతని ఊళ్లో కొడవలికి తుప్పు పట్టిందంటే ఆ ఇంటివాళ్లు సోమరిపోతులని లెక్క. కినుయో అనే విధవరాలు కత్తి తెచ్చి, రేపు చూసి చెప్పండని సత్రానికి వెళ్లింది. భర్తను సముద్రం మింగింది. విరిగిన పడవ బాగు చేయించి మరిదిని వేటకు పంపుదామని ఆమె ఆశ. కత్తి చాలా పాతది, మంచి చేతిది. అలుగుకు నూనె రాసి పెట్టరా అని షిగెహరు తండ్రి, పెద్దయ్య గెన్‌జో చెప్పి పడుకున్నాడు. పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిందన్నట్టు, కుర్రాడు అలుగుతో ఆగలేదు. పిడిని పట్టి ఉంచే వెదురు చీల ఊడదీసి, పిడి లాగి, నల్లగా ఉన్న తోకను చూసి నొచ్చుకున్నాడు. పాపం, వాళ్లింట్లో మగదిక్కు లేక ఇలా వదిలేశారు అనుకున్నాడు. గరుకు కాగితం తెచ్చి వేళ్లు బొబ్బలెక్కేదాకా రుద్దాడు. పొద్దున్నకి తోక వెండిలా మెరిసింది. పెద్దయ్య మెచ్చుకుంటాడని నోట్లో కాగితం పెట్టుకుని, కత్తి రెండు చేతుల మీదా పట్టుకుని నిలబడ్డాడు.

గెన్‌జో కొట్టలేదు, తిట్టలేదు. గోడకు చేరగిలబడ్డాడు. అంతలోనే కినుయో వచ్చింది.

"అమ్మా, దీని తోకను రుద్దేశారు," అన్నాడు గెన్‌జో. తర్వాతి మాట ఏమనబోయాడో దేవుడికే ఎరుక.

"నేనేనండీ," అంది ఆమె, రంగు మారిపోయిన మొహంతో. "దుమ్ముందని మొన్న రాత్రి తుడిచాను. చెయ్యకూడదా?"

గెన్‌జో నోరు తెరుచుకునే ఉంది. కాసేపటికి మూసుకుంది. తొకుజి దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. అనుకున్నదాంట్లో పదోవంతు చేతికిచ్చి, తొడుగులు పాతవని తిరిగి ఇచ్చేసి, గెన్‌జో ఆమెను వాకిలిదాకా సాగనంపాడు. తిరిగొచ్చి ఒకటే మాటన్నాడు. "ఆ కాగితం నోట్లోంచి తియ్యకపోవడమే మంచిదైంది."

ఆ పడవ మళ్లీ నీళ్ల మీదికి దిగలేదు. కినుయో చేపల షెడ్డులో పనికి కుదిరిందని తొకుజి తర్వాత విన్నాడు. పదేళ్ల తర్వాత ఒక్కసారి ధైర్యం వచ్చింది. నానావో వెళ్లాడు. షెడ్డులో నలభైమంది ఆడవాళ్లు తలగుడ్డలు కట్టుకుని, మంచునీళ్లలో చేతులు పెట్టి చేపలు కోస్తున్నారు. ఎవరు కినుయోనో పోల్చుకోలేకపోయాడు. అడగొచ్చు. అడగలేదు. బస్సెక్కి వచ్చేశాడు. పిరికితనానికి ఇంతకన్నా పెద్ద పేరు పెట్టనక్కర్లేదు.

తోక చూసి కాలం చెప్పే విద్య నేర్పుతానని గెన్‌జో ఎన్నోసార్లన్నాడు. అది వచ్చుంటే తొకుజి కూడా ఒక వ్యాపారి అయ్యేవాడు, సొంత కొట్టు పెట్టుకునేవాడు. నాకు చెక్క చాలు పెద్దయ్యా అన్నాడు. చెక్కకు తుప్పు లేదు, పేరు లేదు. తీసేసిన అలుగు చోట నిలబడి తొడుగులను పట్టి ఉంచడమే దాని ఉద్యోగం. బోడిదానికి మాత్రం నెలనెలా రెండుసార్లు నూనె రాస్తూ, పొద్దుటి వెలుతురులో తోక తిప్పి చూసేవాడు. నలభై ఆరేళ్లకు లేత గోధుమరంగు వచ్చింది, అంతే. నల్లబడాలంటే మరో మూడొందల ఏళ్లు పడుతుంది.

ఇవాళ కొలతకు అదే కత్తి తీశాడు. సంపెంగ జాతి మెత్తని కర్ర మీద దాన్ని పడుకోబెట్టి, చుట్టూ పెన్సిలు గీశాడు. బాడిసెతో చెక్కి, చిత్రిక పట్టి నునుపు చేశాడు. వంపు సరిగ్గా కత్తి వంపే వచ్చింది. తోక చెక్కి, పిడిలో దూర్చి, తీసి, వెంట్రుకవాసి తగ్గించి, మళ్లీ దూర్చాడు. మధ్యాహ్నం అన్నండబ్బా విప్పి మూడు ముద్దలు తిని మూసేశాడు. దవడ కూడా నొప్పిగా ఉంది.

కమ్మరి పేరు ఎప్పుడూ తోక మీదే ఉంటుంది. ఆ పనిలో చేసినవాడు తన పేరు చెప్పుకునే చోటు అదొక్కటే. తొకుజి జన్మలో దేని మీదా పేరు రాయలేదు. ఇప్పుడు సిరా నూరి, సన్నకుంచె తీసుకుని, చెక్క తోక మీద నిలువుగా రాశాడు.

*ఈ కత్తి తోకను గరుకు కాగితంతో రుద్ది పాడు చేసినవాడు తొకుజి. కినుయో గారి తప్పు ఏమీ లేదు.*

సిరా ఆరేదాకా కుంపటి దగ్గర పట్టుకున్నాడు. నోటితో చెప్పడం తనవల్ల కాదని అతనికి తెలుసు. ఆమె వచ్చాక ఎదురుగా కూర్చోబెట్టి, చీల తీసి, పిడి లాగి, తోకను ఆమె వైపు తిప్పుతాడు. చదువుకుంటుంది. తిడితే తిడుతుంది, కొడితే కొడుతుంది. రేపు వాళ్లమ్మ ఫొటో ముందు కూర్చుని ఆ మాట తనే చెబుతుంది. అంతవరకు చాలు.

పిడి తొడిగాడు, బిళ్ల బిగించాడు. వెదురు చీల చెక్కి రంధ్రంలో దింపాడు. చీల ఊడదీసే చిన్న ఇత్తడి సుత్తిని పక్కనే, చేతికందేలా పెట్టుకున్నాడు. మూడు కావస్తోంది. ఇంకా గంట. నోట్లో కాగితం ఉందేమోనని పెదవులు తడుముకున్నాడు. లేదు. బయట పెద్ద ఉరుము ఉరిమింది. గోడకు చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు.

మూడున్నరకు షిగెహరు వచ్చాడు. "ఇంత ఉరుముతుంటే నిద్రేంటి బాబాయ్?" అని భుజం తట్టాడు. మనిషి పక్కకు ఒరిగిపోయాడు. అంబులెన్సు వచ్చింది గానీ చెయ్యడానికేమీ లేకపోయింది. షిగెహరు భార్య వెంట వెళ్లింది. కత్తులు బయట పెట్టి కొట్టు వదిలి వెళ్లకూడదు కాబట్టి అతను ఒక్కొక్కదాన్నీ ఒరలో పెట్టి పెట్టెలో సర్దుతూ, బోడిది చేతికి రాగానే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

నాలుగింటికి నత్సుయె వచ్చింది. సంగతి విని, పళ్లసంచీ నేల మీద పెట్టి చేతులు జోడించింది.

"పొద్దున ఒక్క మాటైనా మాట్లాడలేదే నాతో."

"ఆయనంతేనమ్మా. నలభై ఆరేళ్లు మా ఇంట్లో ఉన్నాడు. పట్టుమని పది మాటలు విన్నానో లేదో. మీ పనే ఆయన ఆఖరి పని."

ఆమె కత్తిని రెండు చేతులా అందుకుని, చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. చప్పుడు లేదు. పిడి, బిళ్ల, ఒర అన్నీ ఒకే ప్రాణిలా నిలిచాయి.

"లోపల చూస్తారా?" షిగెహరు ఇత్తడి సుత్తి అందుకున్నాడు. "చీల తీసి చూపిస్తాను. బాబాయ్ పనితనం తోక దగ్గరే చూడాలి."

"వద్దు, వద్దండీ!" ఆమె కత్తిని గుండెకు హత్తుకుంది. "విప్పడం, తుడవడం మా ఇంటికి కలిసిరాలేదు. అమ్మ ఊరుకోదు. దీన్నింక ఎవరినీ విప్పనివ్వను, నా తర్వాత కూడా విప్పొద్దని పిల్లలకు చెప్పి పోతాను."

షిగెహరు సుత్తిని సొరుగులో పెట్టేశాడు. మూట కట్టి ఇచ్చాడు. వాన తగ్గలేదు గానీ బస్సు అందింది.

మర్నాడు నానావోలో పూజాపీఠం ముందు పళ్లు, అగరొత్తులు పెట్టారు. ఫొటోలో కినుయో కాస్త తల దించుకుని ఉంది. ఆమె ఎదురుగా పీట మీద కత్తి ఉంది, ఇనపబిళ్ల మీద మూడు పిట్టలతో, నీలం పట్టు పిడితో. పిడి మధ్యలో కొత్త వెదురు చీల, వెంట్రుకంత కూడా పైకి లేవకుండా, బిగుతుగా దిగి ఉంది.