మొదటి బంతిలో రాములమ్మ

“నువ్వే వెళ్ళి చెప్పు. ఆడవాళ్ళు చెబితే బాగుంటుంది” అంటూ జనార్ధనరావు ఖాళీ కాఫీ గ్లాసుని సోఫా పక్కన నేలమీద పెట్టాడు. ఆ గ్లాసు దానంతటది లేచి సింకులోకి నడిచి వెళ్ళదని ఆయనకి రిటైరయ్యాక కూడా తెలిసిరాలేదు. కమలకుమారి వంగి గ్లాసు తీసుకుంది. ఏం చెప్పాలో ఆయన చెప్పాడు గానీ, ఏ ముఖం పెట్టుకుని చెప్పాలో చెప్పలేదు.

చెప్పవలసింది రాములమ్మకి. గుడి వరండాలో ఉండదలుచుకుంటే పద్ధతిగా పని చేసుకుని, అందరూ తిన్నాక తినాలి. కుదరదంటే మళ్ళీ ఉప్పల్ మెట్రో కిందికే. నాచారంలో వాళ్ళ కాలనీ రామాలయం కమిటీ అలా తేల్చింది. కమిటీ కార్యదర్శి కమలకుమారి మొగుడే.

రాములమ్మని గుడికి తెచ్చిందీ ఆయనే, ఆ మాట ఒప్పుకోవాలి. నిరుడు అన్నదానం ఆటోలో ఉప్పల్ తీసుకెళ్ళి, మెట్రో కింద టార్పాలిన్ పట్టాలు పరిచి, రోడ్డుమీద బతికేవాళ్ళని బంతిగా కూర్చోబెట్టి వడ్డించేవారు. ఇంట్లో మంచినీళ్ళు కూడా ముంచుకోని మనిషి అక్కడ నడుం వంచి “ఇంకొంచెం పప్పు వెయ్యనా తల్లీ” అని అడుగుతుంటే, ఆ గొంతు ఎవరిదా అని కమలకుమారి వెనక్కి తిరిగి చూసింది. వానలు పట్టుకున్నాక, ఒంటరి ఆడమనిషి తడిసిపోతోందని రాములమ్మకి గుడి వెనక వరండాలో చోటిచ్చారు. చెంగిచెర్లలో మొగుడు వదిలిపోయిన ఇంటిని మరిది కూలగొట్టి ప్లాటు చేసి అమ్ముకుంటే రోడ్డున పడిందామె. “ఇక నుంచీ ఈవిడ మన మనిషి” అని జనార్ధనరావు మైకులో ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కమలకుమారికి కళ్ళు చెమర్చాయి కూడా.

మన మనిషి మర్నాడే చీపురు పట్టుకుంది. ఎవరూ అడగలేదు, ఆమెకే చేతులు ఊరుకోలేదు. కొన్నాళ్ళకి అడగటం మొదలైంది. ఆ తర్వాత అడగటం కూడా పోయింది, వంట గిన్నెలు కొళాయి దగ్గర పడేసి వచ్చేస్తే చాలు. వండే ఆడవాళ్ళందరికీ ప్రాణం సుఖంగా ఉంది. మోకాళ్ళ నొప్పుల కమలకుమారికైతే మరీను.

పోయిన శనివారం గుడిలో అన్నదానానికి రాములమ్మ మొదటి బంతిలో భక్తుల మధ్య ఆకు ముందు కూర్చుంది. కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని, వరండాలో కొంగు పరుచుకుని పడుకుంది. అంట్ల గుండిగలు సాయంత్రం దాకా ఎండుతూ పడి ఉన్నాయి. చివరికి వాటిని తోమింది ఎవరనుకున్నారు, కమలకుమారే. తోముతున్నంతసేపూ రాములమ్మ మీద ఒళ్ళు మండిపోయింది. ఇంటికి నడిచి వస్తుంటే, మండాల్సింది ఆమె మీదేనా అని అనుమానం పట్టుకుంది.

“బయటివాళ్ళు ముందు, మనవాళ్ళు తర్వాత. ఆ మాత్రం తెలియదా ఆవిడకి?” అన్నాడాయన ఆ రోజు. ఆ మాట కమలకుమారికి కొత్త కాదు. రామచంద్రపురంలో కాపురానికి వెళ్ళిన కొత్తలో అత్తగారు అనేది, “వచ్చినవాళ్ళని ముందు తిననీ అమ్మా, మనదేముంది, మన ఇల్లే కదా” అని. ప్రేమగానే అనేది, అదే వచ్చిన చిక్కు. తిట్టి ఉంటే ఎదురు చెప్పేదేమో. అత్తగారు పోయినా, నాచారంలో సొంత ఇల్లు కట్టుకున్నా, ఆ మాట మాత్రం వెంట వచ్చేసింది. ఆడపడుచు కూతురు బిందుమాధవి పెళ్ళిలో చివరి బంతి దాకా వడ్డించి కూర్చునేసరికి కూరలు అయిపోతే, “మన కమలే కదా, ఏమనుకోదు” అన్నారు. నిజంగానే ఏమీ అనుకోలేదు. మన మనిషి అంటే ఏమీ అనుకోని మనిషనా? అయితే ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో తనకి దొరికింది చోటా, పనా? ఇదేం పిచ్చి ఆలోచన, ఇల్లూవాకిలీ ఉన్న తనకీ ఆ రాములమ్మకీ పోలికేమిటని తనని తనే కసురుకుంది. కసురుకున్నా ఆలోచన కదల్లేదు.

ఈ శనివారం పొద్దున్నే వెళ్ళేసరికి రాములమ్మ కొళాయి దగ్గర గుమ్మడికాయ కోస్తోంది. పని మానలేదన్నమాట. కమలకుమారి ఇంకో కత్తి తీసుకుని పక్కన కూర్చుంది. వానల గురించి, దోమల గురించి అడిగి, చివరికి పోయిన వారం అందరూ ఏదో అనుకున్నారని నసిగింది.

రాములమ్మ కత్తి ఆపింది. “మెట్రో పుల్ కింద ఉన్నప్పుడు మీ సారు నన్ను కూసోబెట్టి, తల్లీ తల్లీ అనుకుంట పెట్టిండు. ఈడికొచ్చినంక అందరు తిన్నంక మిగిలింది పెడ్తున్రు. పని జేస్త, పనికేం ఫికర్ లేదు. గని మీ మనిషినన్నరు గద. మీ మనిషైతే గిట్లనే ఉంటదా అమ్మా? నాకైతే సమజ్ అయితలేదు, జర నువ్వు జెప్పు.”

కమలకుమారికి తెలియాలి నిజానికి. ఆ విషయంలో ఆమెకున్నంత అనుభవం ఇంకెవరికుంది? “ఇల్లన్నాక…” అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఆ తర్వాత రావాల్సిన మాట అత్తగారిది. తన మాట ఏదో ఉండే ఉంటుంది, వెతికితే దొరకలేదు. గుమ్మడికాయ ముక్కలు పెద్దవీ చిన్నవీగా తెగాయి.

హారతి అయ్యాక మొదటి బంతికి ఆకులు వేశారు. రాములమ్మ గుమ్మం దగ్గర నిలబడి, రావాలో వద్దో తెలియక కమలకుమారి ముఖంలోకి చూసింది. కమిటీ వాళ్ళూ అటే చూస్తున్నారు. తన ముఖంలో వాళ్ళకేం కనబడుతోందో కమలకుమారికి తెలియదు. చేతిలో ఉన్న పప్పు బకెట్టు కింద పెట్టి, రాములమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఆకు ముందు కూర్చోబెట్టింది. పక్క ఆకు ముందు తనూ చతికిలబడింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. చేసింది తప్పో ఒప్పో తేల్చుకోలేకపోయింది. ఈ గుడిలో మొదటి బంతిలో కూర్చోవటం తనకీ ఇదే మొదటిసారని కూర్చున్నాక గానీ తట్టలేదు.

జనార్ధనరావు గబగబా వచ్చి చెవి దగ్గర వంగాడు. “ఏమని చెప్పావు?”

“ఏం చెప్పాలో తెలీలేదండీ” అంది కమలకుమారి. “ముందు మా ఇద్దరికీ పప్పు వెయ్యండి. గుండిగలు ఎవరు తోమాలో తిన్నాక అందరం కూర్చుని అనుకుందాం.”