కాబోయే డాక్టరమ్మ ఫ్లెక్సు

పదో తరగతి ఫలితాలొచ్చిన మూడోనాడు నివేద్య పాలప్యాకెట్ కోసం పడవల జెట్టీకి వెళ్తే తన మొహం తనకే ఎదురొచ్చింది. ఆరడుగుల ఎత్తున! కొబ్బరిచెట్టుకీ కరెంటు స్తంభానికీ మధ్య కట్టిన ఫ్లెక్సులో తెల్లకోటు తొడుక్కుని, మెడలో స్టెతస్కోపుతో నవ్వుతోంది. ఆ కోటు తను పుట్టి బుద్ధెరిగాక తొడుక్కున్నది కాదు. నవ్వు మాత్రం తనదే, స్కూలు గుర్తింపు కార్డులోంచి కోసి అతికించారు. కింద పెద్దక్షరాలతో, 'పదికి పది ఏ ప్లస్ సాధించిన నివేద్యా ప్రసన్నన్‌కు అభినందనలు! మన ఊరికి కాబోయే డాక్టరమ్మ!' అని ఉంది. ఆ కింద ఊరి క్లబ్బు కార్యదర్శి తంపి మొహం, ఆమె మొహం కన్నా కాస్తంత చిన్నది.

కేరళలో మా కుట్టనాడులో ఇదేం వింత కాదు. వానాకాలం ముందు ప్రతి జెట్టీలోనూ ఇలా పిల్లల మొహాలు మొలుస్తాయి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! ఏం చదువుతావమ్మా అని పిల్లని అడిగిన పాపాన మాత్రం ఎవరూ పోరు. ఫ్లెక్సు పడిందంటే పడిందే, అది తలరాత కన్నా గట్టిది. తలరాతని ఊరంతా చదవదు కదా.

ఆ రోజు నుంచీ నివేద్య ఏం చదవాలో చెప్పడానికి అందరికీ తీరిక దొరికింది. క్లాసు టీచరేమో, ఇన్ని మార్కులొచ్చి సైన్సు తీసుకోకపోతే పాపం తగులుతుందంది. ఐర్లండులో నర్సుగా ఉన్న మేనత్త ఫోన్ చేసి, డాక్టరీ రాకపోతే నర్సింగన్నా పట్టుకో అంది. ఆఖరికి చేపలావిడ కూడా కవళ్ళు తూస్తూ, "నా మోకాలి నొప్పి నీ చేత్తోనే పోవాలి డాక్టరమ్మా" అని రెండు చేపలు ఎక్కువేసింది. అలా ఎక్కువేసిన చేపల్ని తిరిగిచ్చేయడం ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

నివేద్యకి కావలసింది వేరు. సరస్సు అవతలి గట్టున ఒక బడిలో పడవ ఇంజన్ల కోర్సుంది. రెండేళ్ళ చదువు, ఆ తర్వాత పెద్ద బోట్ల ఇంజన్ గదిలోకి దారి. తండ్రి ప్రసన్నన్‌ది జెట్టీ పక్కనే పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డు. అందులోనే ఆమె పెరిగింది. చచ్చిపోయిందనుకున్న ఇంజన్ మళ్ళీ ఊపిరి పీల్చుకుని డుగుడుగుమంటే కలిగే సంతోషం ఆమెకి పది ఏ ప్లస్‌లూ కలిపినా రాలేదు.

ఇంకో సంగతుంది, అది తండ్రీకూతుళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. ఇరవై రెండేళ్ళుగా ఇంజన్ల మోత విని విని ప్రసన్నన్ ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగం పోయింది. పడవ ఇంజన్ మేస్త్రీకి చెవే పెట్టుబడి. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనని ఇంజన్‌కి ఆనించి, పిడిని చెవికి ఆనించి వింటే లోపలి రోగం చెప్పాలి. రెండేళ్ళుగా ప్రసన్నన్ అలా పిడిని చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. వెనక నివేద్య నిలబడి, విని, ఆయన వీపు మీద వేలితో తడుతుంది. ఒకసారి తడితే జబ్బు పైన, రెండుసార్లు తడితే కింద. ఆయన కళ్ళు తెరిచి, "ఇంజెక్టర్" అంటాడు. పడవలవాళ్ళు ఆహా అంటారు.

అలాంటి తండ్రే అడ్డం తిరిగాడు.

"నా గోళ్ళు చూడు మోళే, నా చిట్టితల్లీ," అన్నాడు ఆ రాత్రి అన్నం దగ్గర. "నా పెళ్ళికి కూడా తెల్లబడలా. నీక్కూడా ఇవేనా?"

"నాకిష్టమే నాన్నా."

"నీకిష్టమేలే! మొన్న ఫ్లెక్సు పడ్డాక బోటెక్కితే లేచి నాకు సీటిచ్చారు, తెలుసా? ఇన్నేళ్ళలో ఒక్కడంటే ఒక్కడు ఇచ్చాడా? నూనె అంటుకుంటుందని పక్కకి జరిగేవాళ్ళు. ఇప్పుడు కాదంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

ఆ మాటకి నివేద్యకి కోపమే వచ్చి ఉంటే దెబ్బలాడేది. తండ్రి మీద జాలి కలిగితే ఏం దెబ్బలాడుతుంది? అయినా పట్టు మాత్రం వదల్లేదు.

ఈలోగా తంపి ఊరి పిల్లలు పది మంది పదకొండో తరగతి దరఖాస్తులూ తానే పెట్టేశాడు, అన్నీ తన ఫోను నంబరుతోనే. పిల్లలకేం తెలుసు, ఓటీపీలు పోగొట్టుకుంటారని ఆయన భయం. నివేద్య దరఖాస్తులో వరసగా ఏడు బళ్ళలో సైన్సు రాసి, పడవ కోర్సు ఊసే ఎత్తలేదు. అందులో మెలిక ఏమిటంటే, మొదట రాసింది దొరికితే కింద రాసినవన్నీ రద్దు. మార్కులు తక్కువైనవాడికి కిందిదేదో తగులుతుందన్న ఆశుంటుంది. పదికి పది వచ్చిన పిల్లకి మొదటిదే ఖాయం. వరస మార్చాలన్నా కొత్తది చేర్చాలన్నా లాగిన్ కావాలి, లాగిన్‌కి ఓటీపీ కావాలి, ఓటీపీ తంపి జేబులో మోగుతుంది. మార్పులకి గడువు ఆ బుధవారం సాయంత్రం ఐదింటి దాకా.

"మీ నాన్నని వచ్చి చెప్పమను, ఇస్తా," అన్నాడు తంపి మూడుసార్లు అడిగితే మూడుసార్లూ. "నీ మాట మీద మారిస్తే రేపు ఆయన నా గొంతు పట్టుకుంటాడు. అయినా క్లబ్బు పరువేం కాను?"

"ఫ్లెక్సు మీద వేసింది నా మొహం తంపిచేట్టా. వేసే ముందు నన్నడిగారా?" అంది నివేద్య. కోపంలోనూ 'చేట్టా', అంటే అన్నా, అన్న పిలుపు మానలేదు.

"సన్మానానికి అడుగుతారా ఎవరైనా!" అని తంపి నిజంగానే నొచ్చుకున్నాడు.

బుధవారం పొద్దున నివేద్య సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకుని, ఇస్త్రీ చేసిన చుడీదార్ వేసుకుని షెడ్డు గుమ్మంలో నిలబడింది.

"నాన్నా, ఇవాళ సాయంత్రానికి నేను డాక్టర్ని అయిపోతాను కదా. ఇంక ఈ చేతులకి మసి అంటకూడదు. ఇవాళ్టి నుంచి నేను ఇంజన్ వినను."

ప్రసన్నన్ తలెత్తి చూశాడు. "హర్తాళా? కేరళలో పుట్టావు, ఎక్కడికి పోతుంది బుద్ధి!" అని నవ్వేశాడు. నవ్వాడే గానీ, ఆమె వెళ్ళి ఫ్లెక్సు కింద బల్ల మీద కూర్చుంటే ఆయన మొహంలో రంగు మారింది.

సరిగ్గా ఆ రోజే ఔసేప్పచ్చన్ పడవ వచ్చింది. వడ్ల బస్తాలు మోసే పెద్ద పడవ, దాని యజమాని నోరు అంతకన్నా పెద్దది. ఇంజన్ కొట్టుకుంటోందిట. ప్రసన్నన్ పడవలోకి దిగి, స్క్రూడ్రైవర్ ఆనించి కళ్ళు మూసుకున్నాడు. వీపు మీద వేలు పడలేదు. చాలాసేపు అలాగే ఉన్నాడు. బల్ల మీద నుంచి చూస్తున్న నివేద్య తన వేళ్ళని తానే గట్టిగా పట్టుకుంది.

"ఇంజెక్టర్," అన్నాడు ప్రసన్నన్.

విప్పి, కడిగి, బిగించేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఔసేప్పచ్చన్ ఇంజన్ వేశాడు. కొట్టుకోవడం ఆగలేదు. మళ్ళీ విప్పారు, మళ్ళీ బిగించారు. అదే చప్పుడు.

"ఏంటయ్యా ఇది? పొద్దుట్నుంచీ చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు!" అని ఔసేప్పచ్చన్ కేకలేశాడు. ఊరికే సామెత వాడాడంతే, పాపం ఆయనకేం తెలుసు? ప్రసన్నన్ మాత్రం చెంప మీద కొట్టినట్టు తలొంచుకున్నాడు. "పోనీలే," అన్నాడు ఔసేప్పచ్చన్, "కొట్టుకుంటే కొట్టుకోనీ. చీకటి పడేలోగా సరస్సు దాటాలి నేను."

తాడు విప్పుతున్నాడు. అంత దూరం నుంచి కూడా నివేద్యకి తెలుస్తూనే ఉంది. పైనుంచి వచ్చే టకటక కాదది. అడుగు నుంచి దబ్ దబ్‌మంటూ, బరువెక్కిన కొద్దీ పెరిగే చప్పుడు. బేరింగ్ పోయింది. అలాగే వెళ్తే నడి సరస్సులో ఇంజన్ బిగుసుకుపోతుంది, పైన మబ్బు కమ్ముకుని ఉంది, పడవలో ముగ్గురు మనుషులున్నారు. పట్టు నిలవాలంటే నోరు మూసుకుని కూర్చోవాలి. కూర్చోలేకపోయింది.

"ఆపండి! ఇంజెక్టర్ కాదది, బేరింగ్!"

ఇస్త్రీ చుడీదార్‌తోనే పడవలోకి దూకింది. ఇంజన్ ఆపించి, నూనె చూసే కడ్డీ లాగి, ఆ నూనె అరచేతిలో రాసుకుని ఔసేప్పచ్చన్ ముక్కు కింద పెట్టింది. నల్లటి నూనెలో వెండిపొడిలా మెరుపులు.

"బేరింగ్ అరిగి రాలుతోంది. సరస్సు దాటేదాకా ఆగదు."

ఔసేప్పచ్చన్ ఆ చేతిని చూశాడు, తర్వాత ప్రసన్నన్‌ని చూశాడు. "ఇదేంటి ప్రసన్నా? నీకు తెలియనిది నీ కూతురికెలా తెలిసింది?"

జెట్టీ మీద ఇరవై మందైనా ఉన్నారు. నివేద్య చటుక్కున, "నాన్న చెప్పిందే. నేను..." అంటూ ఏదో సర్దబోయింది.

"ఊరుకో మోళే," అన్నాడు ప్రసన్నన్. చెవి సరిగ్గా లేనివాళ్ళకి గొంతు అదుపులో ఉండదు, ఆ మాట టీకొట్టు దాకా వినపడింది. "నాకు వినపడదు ఔసేప్పచ్చా. రెండేళ్ళయింది. నీ ఇంజనే కాదు, ఎవరి ఇంజనూ నేను వినలేదు. విన్నదంతా ఈ పిల్లే. నేను పిడి చెవికి పెట్టుకుని నటించానంతే."

ఔసేప్పచ్చన్ విప్పిన తాడు మళ్ళీ కట్టేశాడు. తన బతుకుతెరువుని ఒక మనిషి తన చేత్తో తీసి నలుగురి ముందూ పెట్టాక పడవెవరు కదుపుతారు? నివేద్యకి ఏడుపు ముంచుకొచ్చింది. మసి చేత్తో తుడుచుకుంటే బుగ్గ మీద నల్లటి చార పడింది.

బేరింగ్ విప్పి చూద్దామని ఇద్దరూ పనిలో దిగారో లేదో వాన మొదలైంది. మా జూన్ వాన చినుకుతో మొదలవదు, కుండలతోనే. తండ్రీకూతుళ్ళు అప్పటికే ఇంజన్ పక్క మూత విప్పేసి ఉన్నారు, లోపలికి నీళ్ళు పడితే ఔసేప్పచ్చన్ పని అయిపోయినట్టే. ప్రసన్నన్ చుట్టూ చూశాడు. కప్పడానికి ఏమీ కనిపించలేదు. కత్తి తీసుకుని గట్టెక్కి, కొబ్బరిచెట్టుకున్న తాడు ఒక్క వేటుకి తెంపాడు. కాబోయే డాక్టరమ్మ కిందికి వాలింది. స్తంభం వైపు తాడు కూడా తెంపి, ఈడ్చుకొచ్చి ఇంజన్ మీద కప్పేశాడు.

"అయ్యయ్యో, నా ఫ్లెక్సు!" అని టీకొట్టులోంచి తంపి పరిగెత్తుకొచ్చాడు. "ప్రసన్నన్‌చేట్టా, ఊరు పెట్టిన ఫ్లెక్సది!"

"ఊరికే కప్పాగా! మంచి గట్టిగుడ్డ. తంపీ, నా కూతురి ఓటీపీ నీ దగ్గరుందిట. పద."

"చేట్టా, ఒక్కసారి ఆలోచించండి. ఇన్ని మార్కులు..."

"ఆ మార్కులు నీవా, నావా?"

గంట నాలుగూ నలభై. జెట్టీ పక్కనే దరఖాస్తులు పెట్టే అక్షయ కేంద్రంలో కంప్యూటర్ ముందు కూర్చునే జలజ, తడిసి ముద్దయి వచ్చిన ముగ్గుర్నీ చూసి బెదిరిపోయింది. రేకుల కప్పు మీద వాన దరువేస్తోంది. లాగిన్ తెరిచింది. తంపి జేబులో ఫోను కిర్రుమంది.

"నేనే కొడతా," అని ప్రసన్నన్ కుర్చీలో కూర్చున్నాడు. కీబోర్డు ఎప్పుడూ ముట్టి ఎరుగడు.

తంపి మొహం మాడ్చుకుని అంకెలు గొణిగాడు.

"ఏమన్నాడు మోళే?" అన్నాడు ప్రసన్నన్ గట్టిగా. అలా నలుగురిలో అడగడం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ వీపు మీద వేలే కానీ మాట లేదు.

నివేద్య ఆయన కుడిచెవి దగ్గరికి వంగి ఒక్కో అంకే అరిచి చెప్పింది. ఒక్కో అంకెకీ ఆయన నల్లటి వేలు ఒక్కో మీటా వెతుక్కుని నొక్కింది. "నా కీబోర్డు!" అని జలజ మూలిగింది కానీ ఆపలేదు. ఆరు అంకెలూ పడ్డాయి. సైన్సు బళ్ళు ఏడూ కిందికి దిగాయి, పడవ ఇంజన్ల కోర్సు కొత్తగా చేరి పైకెక్కింది. ఐదింటికి ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయి.

"చెవి సంగతి చెప్పకుండా ఉండాల్సింది నాన్నా," అంది నివేద్య, జలజ అచ్చు తీసిచ్చిన కాగితం అందుకుంటూ. "రేపటి నుంచి పడవలెవరు తెస్తారు?"

ప్రసన్నన్‌కి అది వినపడిందో లేదో, వేళ్ళు లుంగీకి తుడుచుకున్నాడు. బయట పడవలోంచి, ఫ్లెక్సు కొస పట్టుకుని తడుస్తూ ఔసేప్పచ్చన్ ఏదో కేకేశాడు.

"ఏమంటాడు?" అన్నాడు ప్రసన్నన్.

"ఇంజన్ ఎప్పటికి అవుతుందని అడుగుతున్నాడు."

"రేపు మధ్యాహ్నానికని చెప్పు. బేరింగ్ తేవాలిగా. నన్నే కదా అడిగింది?"

నివేద్య ఆయన కుడిచెవి దగ్గరికి వంగింది.

"కాదు నాన్నా. నన్ను."